పేరు ఇస్తే ఫార్ములా రాయడం: పిల్లలకు ఎక్కడ తెగుతోంది, ఎలా సరిచేయాలి?

నిర్వాహకులు
ఈ చర్చలో ఫార్ములాలను నోటితో చదివినట్టే తెలుగు అక్షరాల్లో టైప్ చేయండి. ఉప్పు అయితే ఎన్ఏసీఎల్, నీళ్లయితే హెచ్₂ఓ. నోటుపుస్తకంలో మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్న సంకేతాలే రాయాలి. మొదటి అక్షరం పెద్దది, రెండోది ఉంటే చిన్నది. పెద్ద సీ పక్కన చిన్న ఓ రాస్తే కోబాల్ట్, రెండూ పెద్దవి రాస్తే కార్బన్ మోనాక్సైడ్. ఇక్కడ ఆ తేడా కనిపించదు, కాగితం మీద కనిపించి తీరాలి.

పటమట ట్యూషన్ (విజయవాడ)
నమస్కారం అండి. తొమ్మిది, పది తరగతుల పిల్లల గురించి అడుగుతున్నాను. సంకేతాలు వచ్చు, వేలన్సీల (మూలకం లేదా గుంపు కలిసే సామర్థ్యం చెప్పే అంకెల) పట్టిక గడగడా అప్పజెప్పేస్తారు. క్రిస్‌క్రాస్ పద్ధతీ (ఒకదాని వేలన్సీని ఇంకొకదాని కింద అంకెగా దించడం) చెప్పాను. అయినా పేరు ఇచ్చి ఫార్ములా రాయమంటే జవాబులు ఇలా వస్తున్నాయి.

అల్యూమినియం సల్ఫేట్: ఏఎల్₂ఎస్ఓ₄₃
కాల్షియం హైడ్రాక్సైడ్: సీఏఓహెచ్₂
మెగ్నీషియం ఆక్సైడ్: ఎంజీ₂ఓ₂
ఐరన్ (త్రీ) ఆక్సైడ్: ఎఫ్ఈ₃ఓ
కాల్షియం నైట్రైడ్: సీఏ(ఎన్ఓ₃)₂

బ్రాకెట్ గురించి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే. ఏ వరసలో చెబితే నిలబడుతుంది?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)
అమ్మా, ఈ అయిదింటినీ ఒకే గాటన కట్టకండి. మొదటి రెండింటిలో పిల్లవాడికి లెక్క వచ్చింది, సల్ఫేట్ అనేది విడదీయరాని గుంపు అన్న సంగతి పట్టుబడలేదు. మూడోదానిలో క్రిస్‌క్రాస్ చేసి ఆగిపోయాడు. నాలుగోదానిలో బ్రాకెట్‌లోని మూడును ఐరన్‌ల సంఖ్య అనుకున్నాడు. అయిదోదానిలో పేరే సరిగా చదవలేదు. "మళ్లీ ప్రాక్టీస్ చెయ్" అంటే వీటిలో ఏదీ పోదు. ఏ తప్పుకు ఆ మందు వేయాలి.

నా మటుకు వేలన్సీ అన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టించి, అయాన్ (ఛార్జ్ ఉన్న పరమాణువు లేదా గుంపు), దాని ఛార్జ్ అనే రెండు మాటలతోనే నడిపిస్తాను. లోహం, అలోహం కలిసిన లవణాలన్నిటికీ సూత్రం ఒక్కటే: ప్లస్ మొత్తం, మైనస్ మొత్తం సమానం కావాలి. ఏ అయాన్ ఎన్నిసార్లో చెప్పే కింది అంకెలన్నీ ఆ సమానం కోసం వచ్చినవే.

అల్యూమినియం సల్ఫేట్ తీసుకోండి. పేరును రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్క కింద దాని అయాన్‌ను ఛార్జ్‌తో సహా రాయించండి. అల్యూమినియం 3+, సల్ఫేట్ 2−. మూడుకూ రెండుకూ కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) ఆరు. ప్లస్ ఆరు రావాలంటే అల్యూమినియంలు రెండు, మైనస్ ఆరు రావాలంటే సల్ఫేట్‌లు మూడు. సల్ఫేట్ గుంపు కాబట్టి మొత్తాన్నీ బ్రాకెట్‌లో పెట్టి బయట మూడు వేయాలి: ఏఎల్₂(ఎస్ఓ₄)₃. రాశాక వెనక్కి చూసుకోవాలి: 2 × 3 = 6 ప్లస్, 3 × 2 = 6 మైనస్. ఈ ఆఖరి గీత రాయకుండా మార్కు వేయకండి. మెగ్నీషియం ఆక్సైడ్‌కు ఇదే చేస్తే రెండుకూ రెండుకూ కసాగు రెండే, ఒకటి ఒకటి చాలు. ఎంజీ₂ఓ₂ అన్నది పుట్టనే పుట్టదు.

బ్రాకెట్‌కు నేను చెప్పే నియమం ఇది: గుంపులో ఒకటికి మించి పరమాణువులుండాలి, ఆ గుంపు ఒకటికి మించి రావాలి. రెండూ ఉంటేనే బ్రాకెట్. ఎన్ఏఓహెచ్‌లో హైడ్రాక్సైడ్ ఒక్కటే, బ్రాకెట్ అక్కర్లేదు. సీఏ(ఓహెచ్)₂లో రెండు, కావాలి. సీఏసీఎల్₂లో క్లోరైడ్ రెండున్నా అది ఒంటరి పరమాణువు, అక్కర్లేదు.

ఇంకొకటి, ఎస్ఓ₄లోని నాలుగు సల్ఫేట్ సొంత ఆస్తి. బయటి లెక్క దాని జోలికి పోకూడదు.

బ్యూరెట్ 50 (విజయవాడ)
మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. బ్రాకెట్ ఎందుకో పరమాణువులు లెక్కపెట్టిస్తే వెంటనే అర్థమవుతుంది. సీఏఓహెచ్₂ అని రాసినప్పుడు ఆ రెండు హైడ్రోజన్‌కే చెందుతుంది: కాల్షియం 1, ఆక్సిజన్ 1, హైడ్రోజన్ 2. సీఏ(ఓహెచ్)₂లో ఆక్సిజనూ 2 అవుతుంది. పిల్లలతో రెండూ పక్కపక్కన రాయించి లెక్కపెట్టించండి. చదివేటప్పుడు "సీఏ ఓహెచ్ హోల్ ట్వైస్" అని గట్టిగా అనిపించండి. "హోల్" అని నోట్లోంచి వస్తే చెయ్యి తనంతట తనే బ్రాకెట్ పెడుతుంది. "ఏఎల్ టూ ఎస్ఓఫోర్ హోల్ త్రైస్" కూడా అంతే.

అమ్మోనియం దగ్గర బ్రాకెట్ ముందువైపు వస్తుంది కాబట్టి చాలామంది మరిచిపోతారు. అమ్మోనియం సల్ఫేట్ (ఎన్‌హెచ్₄)₂ఎస్ఓ₄. అమ్మోనియం నైట్రేట్‌లో రెండు వైపులా నైట్రోజన్ ఉంది కదా అని కలిపి ఎన్₂హెచ్₄ఓ₃ రాస్తారు. పరమాణువుల లెక్క సరిపోతుంది, కానీ ఏ అయాన్లు ఉన్నాయో మాయమైపోతుంది. ఎన్‌హెచ్₄ఎన్ఓ₃ అనే ఉంచాలి.

సత్యనారాయణపురం స్టడీ సర్కిల్ (విజయవాడ)
క్రిస్‌క్రాస్‌ను మరీ అంత తీసిపారేయక్కర్లేదండి. పరీక్ష హాల్లో అది వేగం. దించిన అంకెలను ఉమ్మడి కారణాంకంతో భాగించమని ఒక మాట కలిపితే సరిపోతుంది. లెడ్ (ఫోర్) ఆక్సైడ్‌కు క్రిస్‌క్రాస్‌లో పీబీ₂ఓ₄ వస్తుంది, రెండుతో కొట్టేస్తే పీబీఓ₂. ఏం పోయింది?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)
ఆ "కొట్టేస్తే" దగ్గరే ఉంది ప్రమాదం. కొట్టేయడం అలవాటైన పిల్లవాడు కనిపించిన ప్రతి సరిసంఖ్యనూ కొట్టేస్తాడు. సోడియం ఆక్సలేట్ ఎన్ఏ₂సీ₂ఓ₄. అందులో రెండు, రెండు, నాలుగు కనిపిస్తాయి, ఎన్ఏసీఓ₂ చేసి పెడతాడు. ఆక్సలేట్ అయాన్ సీ₂ఓ₄, ఛార్జ్ 2−, అది తగ్గదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ హెచ్₂ఓ₂ను హెచ్ఓ చేస్తాడు. పెరాక్సైడ్ అంటేనే రెండు ఆక్సిజన్లు ముడిపడి, మొత్తానికి 2− ఉన్న అయాన్.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు మెర్క్యురస్ క్లోరైడ్. మెర్క్యురీ (వన్) అయాన్ ఒంటరిగా ఉండదు. రెండు మెర్క్యురీలు జతగా, మొత్తం 2+ తో ఉంటాయి. అందుకే హెచ్‌జీ₂సీఎల్₂. దాన్ని సగం చేస్తే తప్పు.

కొట్టేయాల్సింది అయాన్ల సంఖ్యలను మాత్రమే, అయాన్ లోపలి అంకెలను ఎప్పుడూ కాదు. కసాగు పద్ధతిలో కొట్టేయాల్సిన పని రాదు కాబట్టి ఈ తప్పుకు దారే ఉండదు. క్రిస్‌క్రాస్ చెబితే చెప్పండి. ఈ మూడు ఉదాహరణలూ దాని పక్కనే చెప్పండి.

సత్యనారాయణపురం స్టడీ సర్కిల్ (విజయవాడ)
ఆక్సలేట్ ఉదాహరణ న్యాయమే మాస్టారూ. అయాన్‌ను పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టించి, చుట్టు లోపలికి వెళ్లొద్దని చెబితే క్రిస్‌క్రాస్‌లోనూ ఆ గొడవ ఉండదు. చుట్టు బయట వచ్చిన రెండు అంకెలనే పోల్చుకుంటారు.

పటమట ట్యూషన్ (విజయవాడ)
చుట్టడం బాగుంది. రేపే మొదలుపెడతాను. నైట్రైడ్, నైట్రైట్, నైట్రేట్ గోల ఎలా తీర్చాలి?

బ్యూరెట్ 50 (విజయవాడ)
పేరు తోక చూడమనండి. తోకలో "ఐడ్" ఉంటే ఆ మూలకం ఒక్కటే: క్లోరైడ్, సల్ఫైడ్, నైట్రైడ్, ఆక్సైడ్. ఛార్జ్ ఆవర్తన పట్టికే చెబుతుంది: 17వ గ్రూపు 1−, 16వ గ్రూపు 2−, నైట్రైడ్, ఫాస్ఫైడ్ 3−. హైడ్రాక్సైడ్, సయనైడ్, పెరాక్సైడ్ ఈ నియమానికి లొంగవు, విడిగా నేర్చుకోవాలి.

"ఏట్" ఉంటే ఆక్సిజన్ తోడుంది. "ఐట్" ఉంటే ఏట్ కంటే ఒక ఆక్సిజన్ తక్కువ. పిల్లలు తప్పకుండా పొరపడేది ఇక్కడే: ఆక్సిజన్ తగ్గితే ఛార్జ్ కూడా తగ్గుతుందనుకుంటారు. మారదు. సల్ఫేట్ ఎస్ఓ₄, సల్ఫైట్ ఎస్ఓ₃, రెంటికీ 2−. నైట్రేట్ ఎన్ఓ₃, నైట్రైట్ ఎన్ఓ₂, రెంటికీ 1−. క్లోరిన్ కుటుంబం మొత్తానికీ 1−: హైపోక్లోరైట్ సీఎల్ఓ, క్లోరైట్ సీఎల్ఓ₂, క్లోరేట్ సీఎల్ఓ₃, పెర్‌క్లోరేట్ సీఎల్ఓ₄. ఏట్ రూపాలు బట్టీ పట్టించండి, ఐట్‌లన్నీ ఒకటి తీసేసి రాసుకుంటారు. పొదుపు అదే.

ఛార్జ్ మారేది హైడ్రోజన్ చేరినప్పుడు. ఒక్కో హెచ్+ చేరితే మైనస్ ఒకటి తగ్గుతుంది. ఫాస్ఫేట్ పీఓ₄ 3−, హైడ్రోజన్ ఫాస్ఫేట్ హెచ్‌పీఓ₄ 2−, డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ హెచ్₂పీఓ₄ 1−. కార్బనేట్ 2−, హైడ్రోజన్ కార్బనేట్ 1−. పాత పేరు బైకార్బనేట్‌లో "బై" చూసి రెండు కార్బనేట్‌లు రాసేవాళ్లున్నారు. అది రెండు కాదు, ఒక హైడ్రోజన్ ఉందనే. తినే సోడా ఎన్ఏహెచ్‌సీఓ₃. డైక్రోమేట్‌లో "డై" నిజంగానే రెండు క్రోమియంలు: సీఆర్₂ఓ₇, 2−.

మాంగనేట్, పెర్మాంగనేట్ మాత్రం విడిగా గుర్తుంచుకోవాల్సినవి. రెండింటికీ ఎంఎన్ఓ₄ అనే రాస్తాం. మాంగనేట్‌కు 2−, పెర్మాంగనేట్‌కు 1−. క్లోరిన్ కుటుంబంలోలాగా "పెర్" అంటే ఇక్కడ ఆక్సిజన్ పెరగలేదు.

ఎంపీసీ సెకండియర్ (గవర్నర్‌పేట)
మేడం, యాసిడ్లకు కూడా ఇదే తోక పనికొస్తుందా?

బ్యూరెట్ 50 (విజయవాడ)
వస్తుంది బాబూ. ఏట్ ఉంటే "ఇక్ యాసిడ్", ఐట్ ఉంటే "అస్ యాసిడ్", ఐడ్ ఉంటే "హైడ్రో… ఇక్ యాసిడ్". ఛార్జ్ ఎంతో అన్ని హైడ్రోజన్లు ముందు పెట్టాలి. నైట్రేట్ నుంచి నైట్రిక్ హెచ్ఎన్ఓ₃, నైట్రైట్ నుంచి నైట్రస్ హెచ్ఎన్ఓ₂, సల్ఫైట్ నుంచి సల్ఫ్యూరస్ హెచ్₂ఎస్ఓ₃, ఫాస్ఫేట్ నుంచి ఫాస్ఫారిక్ హెచ్₃పీఓ₄.

ఎసిటేట్ దగ్గర వరస మారుతుంది. సోడియం ఎసిటేట్‌ను సీహెచ్₃సీఓఓఎన్ఏ అని, లోహాన్ని చివర రాస్తాం, మైనస్ ఆ చివరి సీఓఓ మీద ఉంది కాబట్టి. కాల్షియం ఎసిటేట్ (సీహెచ్₃సీఓఓ)₂సీఏ. పేరు కాల్షియంతోనే మొదలవుతుంది, లెక్క కూడా అదే.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)
నాలుగో తప్పు మిగిలింది, ఐరన్ (త్రీ) ఆక్సైడ్. బ్రాకెట్‌లో రోమన్ అంకె ఆ లోహం ఛార్జ్‌ను చెబుతుంది, ఎన్ని ఉన్నాయో చెప్పదు. ఇది జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో ప్రతిపాదించిన పద్ధతి. ఐరన్ 3+, ఆక్సైడ్ 2−, కసాగు ఆరు: ఎఫ్ఈ₂ఓ₃. ఐరన్ (టూ) ఆక్సైడ్ అయితే ఎఫ్ఈఓ.

ఈ అంకె ఎప్పుడు కావాలి? ఒకటికి మించి ఛార్జ్‌లు చూపే లోహాలకు. స్కూలు స్థాయిలో కాపర్ 1, 2, ఐరన్ 2, 3, టిన్, లెడ్ 2, 4, మెర్క్యురీ 1, 2, క్రోమియం, మాంగనీస్. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, బేరియం, అల్యూమినియం, జింక్, సిల్వర్‌కు మామూలుగా ఒకటే, అంకె ఇవ్వరు.

పాత పేర్లు కూడా నేర్పాలి, సీసాల మీద అవే ఉంటాయి. "అస్" తక్కువది, "ఇక్" ఎక్కువది. కానీ అస్ అంటే రెండు, ఇక్ అంటే మూడు అని చెప్పేయకండి. ఐరన్‌కు ఫెర్రస్ 2, ఫెర్రిక్ 3. కాపర్‌కు క్యూప్రస్ 1, క్యూప్రిక్ 2. టిన్‌కు స్టానస్ 2, స్టానిక్ 4. ఏ లోహానికి ఆ లోహమే.

ఒకేలా కనిపించే ఫార్ములాలను పక్కపక్కన పెట్టి అడిగితే ఎవరికి పట్టుబడిందో తేలిపోతుంది. పీబీఓ₂, బీఏఓ₂. లెడ్‌కు 4+ ఉంది, కాబట్టి రెండు ఆక్సైడ్‌లు విడివిడిగా ఉన్నాయి, అది లెడ్ (ఫోర్) ఆక్సైడ్. బేరియానికి 2+ మించి లేదు, కాబట్టి ఆ ఓ₂ మొత్తం కలిసి 2− ఉన్న పెరాక్సైడ్ అయి ఉండాలి, అది బేరియం పెరాక్సైడ్. ఫార్ములా రూపం ఒకటే, లోపలి అయాన్లు వేరు.

సత్యనారాయణపురం స్టడీ సర్కిల్ (విజయవాడ)
రెండూ అలోహాలైన సమ్మేళనాలకు ఈ ఛార్జ్‌ల గొడవంతా పక్కన పెట్టాలని కూడా చెప్పండి. అక్కడ సంఖ్య పేరులోనే ఉంటుంది: మోనో, డై, ట్రై, టెట్రా, పెంటా, హెక్సా, హెప్టా. డైనైట్రోజన్ పెంటాక్సైడ్ ఎన్₂ఓ₅, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఎస్ఎఫ్₆. విన్నది విన్నట్టు రాయడమే. భాగించడం అసలే వద్దు. డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ ఎన్₂ఓ₄, నైట్రోజన్ డైఆక్సైడ్ ఎన్ఓ₂. రెండూ ఉన్నాయి, రెండూ వేర్వేరు పదార్థాలు. ఒకటి రంగులేనిది, ఇంకొకటి గోధుమ రంగు వాయువు.

లవణంలో అయాన్లు ఎన్నో చెప్పడానికి మాత్రం డై, ట్రై తగిలించరు. "డైసోడియం ట్రైఆక్సైడ్" లాంటి పేరు పిల్లలు కల్పిస్తే, లోహం ఉందా లేదా అని మొదట చూడమనాలి.

ఎరువుల లెక్క (గుంటూరు)
ఫార్ములా సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి మన ఊళ్లో మంచి సాధనం ఉంది, ఎరువుల బస్తా. మిర్చికి డ్రిప్‌లో వదిలే నీటిలో కరిగే ఎరువుల మీద 13-0-45, 12-61-0, 0-52-34 అని ఉంటాయి. వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. భాస్వరాన్ని పీ₂ఓ₅గా, పొటాష్‌ను కే₂ఓగా లెక్కగట్టి వేస్తారు. బస్తాలో ఆ ఆక్సైడ్‌లు ఉండవు, అది కొలమానం మాత్రమే.

13-0-45 పొటాషియం నైట్రేట్, మన సురేకారం. పొటాషియం 1+, నైట్రేట్ 1−, కేఎన్ఓ₃. అణుభారం 101.1. నత్రజని 14 ÷ 101.1 = 13.8 శాతం. కే₂ఓ భారం 94.2, అందులో రెండు పొటాషియంలు, కాబట్టి 47.1 ÷ 101.1 = 46.6 శాతం. బస్తా మీది 13, 45కు దగ్గరగా వచ్చింది. ఎవరైనా కే₂ఎన్ఓ₃ అని రాశారనుకోండి, భారం 140.2 అవుతుంది, నత్రజని 10, పొటాష్ 67 వస్తాయి. బస్తాతో కలవదు, ఫార్ములా తప్పని అక్కడే తెలిసిపోతుంది.

0-52-34 పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, వ్యాపారంలో మోనో పొటాషియం ఫాస్ఫేట్ అంటారు. కేహెచ్₂పీఓ₄, భారం 136.1. పీ₂ఓ₅ 71 ÷ 136.1 = 52.2, కే₂ఓ 47.1 ÷ 136.1 = 34.6. 12-61-0 అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, వ్యాపారంలో మోనో అమ్మోనియం ఫాస్ఫేట్, ఎన్‌హెచ్₄హెచ్₂పీఓ₄, భారం 115. నత్రజని 12.2, పీ₂ఓ₅ 61.7. రెండు పేర్లలోనూ "మోనో" అన్నది హైడ్రోజన్‌కు కాదు, పొటాషియం లేదా అమ్మోనియం ఒకటే ఉందని.

డీఏపీకి ఈ లెక్క అంత దగ్గరగా రాదు. (ఎన్‌హెచ్₄)₂హెచ్‌పీఓ₄ స్వచ్ఛంగా ఉంటే 21-53 రావాలి, బస్తా మీద 18-46. బస్తాలోది స్వచ్ఛమైన లవణం కాదు కాబట్టి. పిల్లలకు ఈ ఉదాహరణ ఇవ్వకండి, ఫార్ములా తప్పేమో అని తికమకపడతారు. యూరియా కూడా పేరు నుంచి వచ్చే ఫార్ములా కాదు, సీఓ(ఎన్‌హెచ్₂)₂ అని తెలిసి ఉండాల్సిందే. నత్రజని 28 ÷ 60 = 46.7, బస్తా మీద 46.

జింక్ సల్ఫేట్ దగ్గర ఆగాలి. అదే పేరుతో రెండు రకాలు దొరుకుతాయి, ఒకటి 21 శాతం జింక్, ఒకటి 33 శాతం. తేడా అంతా స్ఫటిక జలంలోనే, అంటే స్ఫటికంలో ఇమిడిన నీటిలోనే. హెప్టాహైడ్రేట్ జెడ్ఎన్ఎస్ఓ₄·7హెచ్₂ఓ, భారం 287.5, జింక్ లెక్క ప్రకారం 22.7 శాతం. మోనోహైడ్రేట్ జెడ్ఎన్ఎస్ఓ₄·హెచ్₂ఓ, భారం 179.5, జింక్ 36.4 శాతం. ఎకరాకు ఎన్ని కిలోలు అన్నది ఏ రకమో చూడకుండా చెప్పడానికి లేదు.

బ్యూరెట్ 50 (విజయవాడ)
స్ఫటిక జలం మాట వచ్చింది కాబట్టి. చుక్క తరవాత వచ్చే అంకె నీటి అణువు మొత్తానికి వర్తిస్తుంది. మైలతుత్తం సీయూఎస్ఓ₄·5హెచ్₂ఓలో నీటి నుంచి హైడ్రోజన్ 10, ఆక్సిజన్ 5. సల్ఫేట్ నాలుగుతో కలిపి ఆక్సిజన్ 9. చుక్కను గుణకారం అనుకుని భారాలను గుణించే పిల్లలున్నారు. అక్కడ కూడాలి: 159.6 + 90 = 249.6.

ప్రాక్టికల్‌లో ఇది మరిస్తే టైట్రేషన్ (ఒక ద్రావణం గాఢతను ఇంకొక ద్రావణంతో కొలవడం) మొత్తం దారి తప్పుతుంది. ఆక్సాలిక్ యాసిడ్ 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్), 250 మిల్లీలీటర్లు చేయాలనుకుందాం. సీసాలోది డైహైడ్రేట్, హెచ్₂సీ₂ఓ₄·2హెచ్₂ఓ, భారం 126. తూచాల్సింది 3.15 గ్రాములు. నీళ్లు వదిలేసి 90తో లెక్క వేస్తే 2.25 గ్రాములు తూస్తారు, ద్రావణం 0.071 మోలార్ దగ్గర ఆగిపోతుంది. బ్యూరెట్ రీడింగులన్నీ ఒకదానికొకటి చక్కగా కలుస్తాయి, జవాబు మాత్రం తప్పుతుంది. అందుకే ఈ తప్పు దొరకదు. తూచే ముందు సీసా చీటీ మీద ఫార్ములా, భారం రెండూ చదవాలి.

పటమట ట్యూషన్ (విజయవాడ)
పటిక ఫార్ములాలో రెండు లోహాలు ఉన్నాయి కదా. పదో తరగతి వాళ్లకు అది ఎలా చెప్పాలి?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)
సూత్రం మారదమ్మా, ప్లస్‌లు రెండు చోట్ల నుంచి వస్తాయి అంతే. పొటాషియం 1+, అల్యూమినియం 3+, మొత్తం నాలుగు. సల్ఫేట్ 2− కాబట్టి రెండు. కేఏఎల్(ఎస్ఓ₄)₂·12హెచ్₂ఓ. మోర్ లవణం కూడా ఇదే తీరు: అమ్మోనియంలు రెండు, ఫెర్రస్ ఒకటి, ప్లస్ నాలుగు, సల్ఫేట్‌లు రెండు, నీళ్లు ఆరు.

కొట్లో దొరికే పటిక బిళ్ల పొటాష్ ఆలం. నీటి శుద్ధి కేంద్రాల్లో నదినీటిలో మడ్డి దిగడానికి వేసే ఆలం సాధారణంగా అల్యూమినియం సల్ఫేట్. రెంటినీ ఆలం అనే అంటారు. ఏది అడిగారో చూసి రాయాలి.

బ్లీచింగ్ పౌడర్‌కూ ఇలాంటి చిక్కే ఉంది. పాఠంలో సీఏఓసీఎల్₂ అని ఉంటుంది. కాల్షియం 2+, క్లోరైడ్ 1−, హైపోక్లోరైట్ 1− అని విడదీసి చూపిస్తే ఛార్జ్‌లు కుదురుతాయి. కాల్షియం హైపోక్లోరైట్ అని అడిగితే మాత్రం సీఏ(ఓసీఎల్)₂. అక్కడ క్లోరైడ్ లేదు.

సత్యనారాయణపురం స్టడీ సర్కిల్ (విజయవాడ)
బజారు పేర్లు ఒకచోట ఉంటే పనికొస్తాయి. నవసారం ఎన్‌హెచ్₄సీఎల్. పొడిసున్నం సీఏ(ఓహెచ్)₂. చాకలి సోడా ఎన్ఏ₂సీఓ₃·10హెచ్₂ఓ. వెలిగారం ఎన్ఏ₂బీ₄ఓ₇·10హెచ్₂ఓ. సురేకారం, మైలతుత్తం, పటిక పైన వచ్చేశాయి.

ఎవరైనా విద్యార్థులు ఉంటే ఇవి రాసి పెట్టండి, దిద్దుతాం: కాల్షియం నైట్రైడ్, అమ్మోనియం డైక్రోమేట్, టిన్ (ఫోర్) ఫాస్ఫేట్, మెర్క్యురీ (వన్) నైట్రేట్, పొటాషియం మాంగనేట్, లెడ్ (టూ) థయోసల్ఫేట్, డైక్లోరిన్ హెప్టాక్సైడ్.

ఎంపీసీ సెకండియర్ (గవర్నర్‌పేట)
రాశాను సార్.
సీఏ₃ఎన్₂
(ఎన్‌హెచ్₄)₂సీఆర్₂ఓ₇
ఎస్ఎన్₃(పీఓ₄)₄
హెచ్‌జీఎన్ఓ₃
కేఎంఎన్ఓ₄
పీబీఎస్₂ఓ₃
సీఎల్₂ఓ₇

సత్యనారాయణపురం స్టడీ సర్కిల్ (విజయవాడ)
అయిదు ఒప్పు, రెండు తప్పు. టిన్ ఫాస్ఫేట్ బాగా రాశావు: నాలుగుకూ మూడుకూ కసాగు పన్నెండు, టిన్‌లు మూడు, ఫాస్ఫేట్‌లు నాలుగు. థయోసల్ఫేట్‌లో ఒక ఆక్సిజన్ స్థానంలో సల్ఫర్ వస్తుందని, ఛార్జ్ 2− అలాగే ఉంటుందని గుర్తుంచుకున్నావు.

మెర్క్యురీ (వన్) జతగానే ఉంటుంది, హెచ్‌జీ₂ మొత్తానికి 2+. నైట్రేట్‌లు రెండు: హెచ్‌జీ₂(ఎన్ఓ₃)₂. నువ్వు రాసిన కేఎంఎన్ఓ₄ పెర్మాంగనేట్. మాంగనేట్‌కు 2−, పొటాషియంలు రెండు: కే₂ఎంఎన్ఓ₄. రంగులోనూ తేడా ఉంటుంది, పెర్మాంగనేట్ ఊదా, మాంగనేట్ ఆకుపచ్చ.

ఎంపీసీ సెకండియర్ (గవర్నర్‌పేట)
థాంక్స్ సార్. ఇంకొక్కటి. సాల్ట్ అనాలిసిస్‌లో ఫెర్రిక్‌కు పొటాషియం ఫెర్రోసయనైడ్ వేస్తే నీలం అవక్షేపం వస్తుంది. దాని ఫార్ములా ఎఫ్ఈ₄[ఎఫ్ఈ(సీఎన్)₆]₃లో బయటి నాలుగు, మూడు ఎక్కడి నుంచి వచ్చాయి?

బ్యూరెట్ 50 (విజయవాడ)
ముందు ఫెర్రోసయనైడ్ అయాన్ ఛార్జ్ కట్టు. ఫెర్రో అంటే ఐరన్ 2+. సయనైడ్‌లు ఆరు, ఒక్కోటి 1−, మొత్తం 6−. రెండూ కూడితే 4−. అందుకే పొటాషియం ఫెర్రోసయనైడ్‌లో పొటాషియంలు నాలుగు: కే₄[ఎఫ్ఈ(సీఎన్)₆]. ఫెర్రిసయనైడ్ అయితే లోపలి ఐరన్ 3+, అయాన్ 3−, పొటాషియంలు మూడు.

ఇప్పుడు బయటి నుంచి వచ్చిన ఫెర్రిక్ 3+, ఈ అయాన్ 4−. కసాగు పన్నెండు. ఫెర్రిక్‌లు నాలుగు, ఫెర్రోసయనైడ్‌లు మూడు: ఎఫ్ఈ₄[ఎఫ్ఈ(సీఎన్)₆]₃. లోపలి ఐరన్‌నూ బయటి ఐరన్‌నూ కలిపి ఎఫ్ఈ₇ అని రాయొద్దు. బయటివి 3+, లోపలివి 2+, చదరపు బ్రాకెట్ ఆ రెంటినీ వేరుగా ఉంచడానికే. కార్బన్లు 18, నైట్రోజన్లు 18 వచ్చాయో లేదో లెక్కపెట్టుకో.